ఉయ్యాల పక్కన హోరు

తమ్ముడు: అక్కా, ముందు మనం ఎక్కడున్నామో చూడు. మెట్టుగూడలో పుట్టిన పిల్లకి నిశ్శబ్దం ఇవ్వడం నా చేతిలో లేదు. ఒక పక్క 1874 నుంచి నడుస్తున్న సికింద్రాబాద్ స్టేషన్, ఇంకో పక్క లాలాగూడ వర్క్‌షాపు, రాత్రంతా ఇంజన్ల కూతలు. తార్నాక వెళ్ళే రోడ్డు మీద బస్సులు, వాటి నెత్తిన 2017 నుంచి మెట్రో. ఆషాఢంలో బోనాల డప్పులు, ముహూర్తాలు వస్తే బరాత్‌లు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం జనం కాపురాలుండే చోట రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదు. మా కిటికీ దగ్గర ఆ హద్దు ఎవరికీ పట్టదు. ఫోన్‌లో వైట్ నాయిస్ యాప్ పెట్టి, వాన హోరు లాంటి చప్పుడు నడిపిస్తే పాప ఉలిక్కిపడకుండా పడుకుంటోంది. చప్పుడు నేను కొత్తగా తీసుకురాలేదు. ఉన్న చప్పుళ్ళ మీద ఒక దుప్పటి కప్పానంతే.

అక్క: ఆ దుప్పటి పనిచేస్తుందని నీకంటే ముందు నేనే చెబుతాను. 1990లో బ్రిటన్‌లో పుట్టి రెండు నుంచి ఏడు రోజులైన 40 మంది పసివాళ్ళ మీద ఒక పరీక్ష చేశారు. వైట్ నాయిస్ వినిపించిన 20 మందిలో 16 మంది ఐదు నిమిషాల్లోపే నిద్రపోయారు. వినిపించని 20 మందిలో అలా నిద్రపోయింది ఐదుగురే. కానీ ఆ పరీక్ష కొలిచింది ఆ ఐదు నిమిషాలనే. నెలల తరబడి ప్రతి నిద్రలోనూ అదే హోరు మోగుతుంటే ఎదిగే చెవికి ఏమవుతుందో అందులో ఎవరూ అడగలేదు. మూడు నెలల లోపు పిల్లలకి రోజుకి 14 నుంచి 17 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రాత్రి నిద్రకీ, పగటి కునుకులకీ అన్నిటికీ యాప్ పెడితే ఆ పిల్ల రోజులో మూడింట రెండు వంతులు హోరులోనే గడుపుతుంది. కళ్ళు మూసుకుంటే చూపు ఆగుతుంది. చెవికి ఆ సౌకర్యం లేదు.

తమ్ముడు: పసిదానికి హోరు కొత్త కాదుగా అక్కా! కడుపులో ఉన్నన్నాళ్ళూ అమ్మ రక్తం పారే చప్పుడు, గుండె కొట్టుకునే చప్పుడు, పేగుల కదలిక వింటూనే ఉంది. పుట్టగానే మనం దాన్ని తలుపులు వేసిన గదిలో పెట్టి, ష్, ఎవరూ మాట్లాడకండి అంటాం. అలవాటైన లోకం ఒక్కసారిగా మాయమైతే బెదిరిపోదా? అమెరికాలో హార్వే కార్ప్ అనే పిల్లల డాక్టరు 2002లో రాసిన పుస్తకంలో ఏడుపు మాన్పడానికి చెప్పిన అయిదు పద్ధతుల్లో ఈ 'ష్' చప్పుడు ఒకటి. ఆయన చెప్పకముందే మన ఇళ్ళల్లో పాపని భుజాన వేసుకుని చెవి దగ్గర 'ష్ ష్' అంటూ తిప్పేవాళ్ళు. యాప్ చేసేది ఆ పనే.

అక్క: కడుపులో వినపడేదీ నీ ఫోన్‌లో మోగేదీ ఒకటే అనడం తొందరపాటు. పిండానికి ఆరో నెల వచ్చేసరికి వినికిడి మొదలవుతుంది. కానీ అక్కడికి చేరే చప్పుడు అమ్మ ఒంట్లోంచి, ఉమ్మనీటిలోంచి వడపోసుకుని వస్తుంది. పై స్థాయి సన్న శబ్దాలు చాలావరకు అణిగిపోతాయి. కింది స్థాయివి, అమ్మ గొంతులోని లయ, మాట ఎత్తుపల్లాలు లోపలికి వెళ్తాయి. ఆ గొంతుని పసివాళ్ళు గుర్తుపడతారు కూడా. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు పుట్టి మూడు రోజులు కూడా నిండని పిల్లల నోట్లో పాలపీక పెట్టి చూశారు. ఒక తీరులో చప్పరిస్తే వాళ్ళ అమ్మ గొంతు, ఇంకో తీరులో చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు వినపడేలా ఏర్పాటు చేస్తే, ఆ పసికందులు అమ్మ గొంతు వచ్చేలా చప్పరించడం నేర్చుకున్నారు. అంటే కడుపులో ఉన్నది నిండా మనిషి ఆనవాళ్ళున్న చప్పుడు. వైట్ నాయిస్‌లో అన్ని స్థాయుల శబ్దాలూ ఒకే బలంతో కలిసి ఉంటాయి. లయ లేదు, ఎత్తుపల్లం లేదు. భుజాన వేసుకుని 'ష్' అనేవాళ్ళకి ఊపిరి తీసుకోవడానికైనా మధ్యలో ఆగక తప్పదు.

తమ్ముడు: సరే, గర్భంతో పోలిక వదిలేస్తాను. మన ఇంటితోనే పోల్చుకుందాం. ఏప్రిల్, మే నెలల్లో మనం పడుకున్నది కూలర్ ముందు. గడ్డి తడకలు తడిపి, నీళ్ళ మోటారు వేసి, ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెడితే గదంతా గుయ్యిమనేది. కరెంటు పోతే ఉక్కపోతకంటే ముందు ఆ చప్పుడు ఆగిపోవడమే మనల్ని లేపేది. సికింద్రాబాద్‌లో తరాలు తరాలు ఆ హోరులో పెరిగి, మాటలు నేర్చుకుని, ఉద్యోగాలు చేస్తున్నాయి. అప్పుడు ఎవరికీ రాని భయం ఫోన్ అనేసరికి ఎందుకు వస్తోంది? పిల్లల్ని లేపేది చప్పుడు కంటే చప్పుడులో వచ్చే మార్పు. సద్దుమణిగిన గదిలో కూత పడితే తేడా పెద్దది. గదిలో అప్పటికే సమంగా ఒక హోరు ఉంటే తేడా చిన్నది. కూలర్ తెలియకుండా చేసిన పనిని నేను తెలిసి చేస్తున్నాను.

అక్క: మంచి ప్రశ్నే. దీనికి భయంతో జవాబు చెప్పకూడదు. కూలర్ కిటికీలో ఉండేది, ఏడాదిలో కొన్ని నెలలే నడిచేది. దాని పని గాలి ఇవ్వడం, చప్పుడు వెంట వచ్చింది. చప్పుడు కోసమే ఎవరూ దాన్ని జరిపి ఉయ్యాలకి ఆనించలేదు. ఫోన్ అలా కాదు, అది దిండు పక్కకి వస్తుంది. 2014లో టొరంటోలో పిల్లల నిద్ర కోసం అమ్మే 14 సౌండ్ మెషీన్లని కొలిచారు. 30 సెంటీమీటర్ల దూరంలో వాల్యూమ్ పూర్తిగా పెంచితే అన్నీ 50 డెసిబెల్స్ దాటాయి. ఆసుపత్రుల్లో నవజాత శిశువుల గదులకి సిఫారసు చేసిన హద్దు అది. మూడు మెషీన్లు 85 కూడా దాటాయి. ఎనిమిది గంటల షిఫ్ట్‌లో పెద్దవాళ్ళ చెవికే అది ప్రమాదపు గీత. పైగా పసివాళ్ళ చెవి గొట్టం ఇరుకు. అదే చప్పుడు మన చెవిలో కంటే వాళ్ళ చెవిలో, ముఖ్యంగా సన్న శబ్దాల దగ్గర, ఎక్కువ బలంగా పడుతుంది. నీకు 'బాగానే ఉంది' అనిపించే వాల్యూమ్‌తో వాళ్ళ చెవిని అంచనా వేయలేవు.

తమ్ముడు: నువ్వు చెప్పింది మోతాదు సంగతి. దానికి జవాబు ఉంది. పరికరానికీ చెవికీ మధ్య దూరం రెట్టింపు చేసిన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. నాలుగు గోడల మధ్య కొంచెం తక్కువే తగ్గినా, తగ్గడం ఖాయం. ఫోన్ గదికి ఆ చివర బీరువా మీద పెడతాను, వాల్యూమ్ సగంలోపే ఉంచుతాను. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2023లో పిల్లల చెవుల గురించి ఇచ్చిన సలహా కూడా ఇదే తీరులో ఉంది. పరికరం వీలైనంత దూరంగా పెట్టండి, చప్పుడు తగ్గించండి, ఎంతసేపన్నది అదుపులో ఉంచండి అంది. మానేయమనలేదు. టొరంటో లెక్కలు చెడ్డ వాడకానికి వ్యతిరేకంగా నిలబడతాయి. వాడకానికే వ్యతిరేకంగా వాటిని నిలబెట్టడం సరికాదు.

అక్క: గదికి ఆ చివర అన్నావు. నీకు ఆ చివర ఉంది. బోయిగూడలో, చిలకలగూడలో ఒక్క గది పోర్షన్‌లో ఉండేవాళ్ళకి ఆ చివర ఎక్కడిది? ఛార్జింగ్ పిన్ ఒక్కటే ఉంటుంది, అది మంచం పక్కన. కేబుల్ ఎంత పొడుగో ఫోన్ అంత దూరం. రెండు మీటర్లు జరపండి అనే సలహా ఇళ్ళు పెద్దవైన దేశంలో పుట్టింది. మన బస్తీల్లోకి వచ్చేసరికి యాప్ వస్తుంది, ఆ సలహా రాదు. మోతాదు మన చేతిలో ఉందని నువ్వంటున్నావు. అది చేతిలో లేనివాళ్ళకే చప్పుడు ఎక్కువ మోతాదులో అందుతోంది.

తమ్ముడు: అదే గదిని నేను ఇంకో వైపు నుంచి చూస్తాను. వెస్ట్ మారేడ్‌పల్లిలో చెట్ల మధ్య సొంత ఇల్లున్న వాళ్ళకి ఈ యాప్ అవసరం లేదు. నువ్వు చెప్పిన ఒక్క గది ఇంట్లో అదే చోట వంట, అదే చోట టీవీ, అదే చోట పెద్దపిల్ల హోంవర్క్. కుక్కర్ విజిల్ వేస్తే పసిది లేస్తుంది, పసిది లేస్తే పెద్దది చదవదు, తల్లి పొయ్యి ఆపేస్తుంది. తొమ్మిదింటికి ఆ ముగ్గురికీ దక్కేది ఆ హోరు ఇచ్చే గంటన్నర నెమ్మదే. అక్కడ యాప్ ప్రమాదం ఎక్కువే, అవసరమూ ఎక్కువే. నువ్వు ఒకటి చెప్పి రెండోది వదిలేస్తున్నావు.

అక్క: వదిలేయను. అవసరం నిజం. ఆ తల్లిని తప్పు పట్టే మాట నా నోట రాదు. అయినా చెవి దెబ్బతినడం ఒక్కటే నా బెంగ అనుకోకు. వాల్యూమ్ తగ్గించాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. 2003లో కాలిఫోర్నియాలో చాంగ్, మెర్జెనిక్ ఎలక పిల్లల్ని ఆగని హోరులో పెంచి చూశారు. చెవి చెడిపోయేంత చప్పుడు కాదు, మధ్యస్తంగానే. ఆ ఎలకల మెదడులో శబ్దాలని వేరుపరిచే భాగం సకాలంలో ఎదగలేదు. చుట్టూ ఉన్న శబ్దాల తేడాలు వింటూ వింటూ ఆ భాగం తనని తాను సర్దుకుంటుంది. తేడాలే లేని హోరులో దానికి సర్దుకోవడానికి ఏమీ దొరకలేదు. నువ్వు యాప్‌లో మెచ్చుకున్నది ఆ సమత్వాన్నే కదా?

తమ్ముడు: ఆ పరిశోధన మిగతా సగం కూడా చెప్పు. ఆ ఎలకలు రాత్రీ పగలూ హోరులోనే ఉన్నాయి. మా పాప పగలు బావగారి పాటలు, పక్కింటి ఆంటీ కబుర్లు, కూరగాయల బండివాడి కేక అన్నీ వింటోంది. పైగా ఆ ఎలకల్ని మామూలు చప్పుళ్ళలోకి తెచ్చాక ఆగిపోయిన ఎదుగుదల మళ్ళీ సాగింది. ఎలక పిల్లల మెదడు చూసి మనిషి పిల్లల రాత్రిని తీర్మానించకూడదు.

అక్క: ఒప్పుకున్నాను. ఎలక మనిషి కాదు, ఆ ఎదుగుదల ఆగిపోలేదు, వెనకబడింది. కానీ మనిషి పిల్లల్లో వెనకబడటానికి ఎంత వ్యవధి ఉందో చూడు. 1984లో కెనడాలో వెర్కర్, టీస్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లిష్ ఇళ్ళల్లో పెరిగే పిల్లలకి హిందీలోని త, ట శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలామంది ఆ తేడా పట్టుకున్నారు. పది, పన్నెండు నెలల పిల్లల్లో పట్టుకున్నవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఇంట్లో ఆ తేడాతో పనిలేదు కాబట్టి చెవి దాన్ని వదిలేసింది. మన పాపకి ఆ తేడా కావాలి. తాత, టాటా రెండూ దాని ఇంట్లో మాటలే. ఇంటి భాషలో ఏ తేడాలు ఉంచుకోవాలి, ఏవి వదులుకోవాలి అన్న ఏర్పాటు చాలావరకు మొదటి ఏడాదిలోనే జరుగుతోంది. 1996లో రోచెస్టర్‌లో శాఫ్రాన్ బృందం ఎనిమిది నెలల పిల్లలకి అర్థంలేని అక్షరాల ప్రవాహం రెండే రెండు నిమిషాలు వినిపిస్తే, అందులో ఏ అక్షరాలు కలిసి వస్తున్నాయో వాళ్ళు పసిగట్టారు. రెండు నిమిషాల్లో అంత నేర్చుకునే చెవికి గంటల కొద్దీ ఏమీ లేని చప్పుడు ఇవ్వడం నాకు మనసొప్పదు.

తమ్ముడు: ఆ రెండు నిమిషాలు మెలకువగా ఉన్నప్పటివి అక్కా. నా వాదనకి అది బలమే. రాత్రి బాగా పడుకున్న పిల్ల పగలు ఆ రెండు నిమిషాలు చక్కగా వింటుంది. గంటకోసారి లేచి ఏడ్చిన పిల్ల పగలంతా చిరాకుగా, అరమూసిన కళ్ళతో ఉంటుంది. దానికి నువ్వు త, ట ఎన్నిసార్లు చెప్పినా ఏం ఎక్కుతుంది? నిద్ర భాషకి అడ్డం కాదు. భాష నేర్చుకునే ఓపిక నిద్రలోనే వస్తుంది.

అక్క: మెలకువ వచ్చిన క్షణానే యాప్ ఆగితే నీ మాటకి ఎదురు చెప్పను. ఆగదు. నేను మాటలు ఆలస్యమైన పిల్లలతో పనిచేసేదాన్ని. ఇళ్ళకి వెళ్తే చూస్తుంటాను. పిల్ల లేచి అరగంటైనా హోరు మోగుతూనే ఉంటుంది. పాలు పట్టేటప్పుడూ, డైపర్ మార్చేటప్పుడూ వెనక అదే. పెద్దవాళ్ళ చెవి దానికి అలవాటుపడి వినడం మానేసింది కాబట్టి ఆపాలన్న సంగతి వాళ్ళకి తట్టదు. 2016లో విస్కాన్సిన్ పరిశోధకులు రెండేళ్ళ వయసు పిల్లలకి కొత్త మాటలు నేర్పి చూశారు. వెనక ఇతరుల మాటల రొద తక్కువగా ఉన్నప్పుడు నేర్చుకున్నారు, పెరిగినప్పుడు నేర్చుకోలేకపోయారు. అది మాటల రొద, నీది హోరు, నిజమే. అయినా డైపర్ మార్చేటప్పుడు మనం పిల్లతో ఆడే ఊసులే దాని మొదటి పాఠాలు.

ఇంకొకటి ఉంది. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం వినికిడి లోపం ఉన్నవాళ్ళ కోసం పనిచేస్తోంది. అలాంటి చోటికి పిల్లని తీసుకెళ్ళాలన్న అనుమానం చాలా ఇళ్ళల్లో ఎలా మొదలవుతుంది? గిన్నె కిందపడితే ఉలిక్కిపడలేదే, తలుపు ధడాలున పడినా లేవలేదే అని. ఎప్పుడూ హోరు మోగే గదిలో ఆ అనుమానం పుట్టదు. యాప్ వల్ల హాయిగా పడుకుందనుకుంటారు.

తమ్ముడు: ఈ మాట నా బుర్రకి తట్టలేదు. కాదనను. కానీ గిన్నె చప్పుడు మీద ఆధారపడే పరీక్ష మనకి ఎందుకు? పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలని మీ రంగం వాళ్ళే చెబుతారు. చెవిలో చిన్న పరికరం పెట్టి చేసే ఓఏఈ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. మెదడు స్పందన చూసే బెరా పరీక్షకైతే పిల్ల నిద్రపోవాలి కూడా. ప్రతి ప్రసూతి ఆసుపత్రిలో అది జరగాలని అడుగుదాం, నేనూ వస్తాను. పరీక్ష లేని లోటుని నా యాప్ మీద వేయకు.

అక్క: వేయను. అడగడానికి నువ్వు వస్తానన్నావు, అది గుర్తుపెట్టుకుంటాను. కానీ నాకు అన్నిటికంటే పెద్ద వెలితి అనిపించేది జోల. పాపని జోకొడుతూ పాడే పాటలో హోరు చేసే పనీ ఉంది, భాష చేసే పనీ ఉంది. అదే రాగం మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి నిద్ర వస్తుంది. అందులో తెలుగు అక్షరాలుంటాయి, ఇంటి పేర్లుంటాయి, మేనమామలుంటారు. గొంతు దగ్గరవుతుంది, దూరమవుతుంది, మెల్లగా తగ్గుతుంది. ఒక మనిషి తన కోసం అక్కడ ఉందని పిల్లకి తెలుస్తుంది. అదంతా తీసేసి నిద్ర ఒక్కటే ఉంచుకున్నాం.

తమ్ముడు: ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను అక్కా. ఆ జోల పాడిన మనిషి ఎవరు? అమ్మ. అమ్మ కాకపోతే అమ్మమ్మ, పెద్దమ్మ. వాళ్ళు ఎప్పుడు పడుకున్నారో ఎవరైనా రాసిపెట్టారా? పొలంలో చెట్టుకి చీర ఉయ్యాల కట్టి, నాట్లు వేసి, ఇంటికొచ్చి వండి, అర్ధరాత్రి పాడారు. ఆ నిద్రలేమిని మనం సంప్రదాయం అని ముద్దుగా పిలుస్తున్నాం. ఇప్పుడు మా ఇంట్లో ఆ పెద్దమ్మలు లేరు, ఇద్దరమే. 2017 సవరణ తర్వాత చట్టం ఇచ్చిన 26 వారాల సెలవు అయిపోగానే పాప తల్లి ఆఫీసుకి వెళ్ళాలి. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకీ, మోండా మార్కెట్‌లో కూర్చునే ఆడవాళ్ళకీ ఆ 26 వారాలు కూడా లేవు. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి చట్టంలో ఒక్క రోజు లేదు. జోల పోయిందని బాధపడేవాళ్ళు ఆ జోల ఎవరి నిద్రని తిని బతికిందో కూడా చెప్పాలి.

అక్క: చెప్పాలి. ఇన్నాళ్ళు జోల గురించి మాట్లాడిన వాళ్ళం ఆ సగం చెప్పలేదు. కానీ నీ వాదన చివరికి వస్తే జోలని ఫోన్‌కి అప్పగించడం ఒక దారి, నువ్వు అందుకోవడం ఇంకో దారి. అది ఆడవాళ్ళ పాటే అని ఎవరన్నారు? 15వ శతాబ్దంలో స్వామికి జోలలు కట్టిన అన్నమయ్య మగవాడు. తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో ఆ తాళ్ళపాక వంశం వాళ్ళు లాలి పాడే సంప్రదాయం ఇప్పటికీ ఉంది. దేవుడికి పాడిన మగవాళ్ళు ఇంట్లో కూతురికి ఎందుకు పాడకూడదు? పాట బాగా రాకపోయినా పరవాలేదు. పిల్ల శ్రుతి చూడదు.

తమ్ముడు: పాడుతున్నాను. పది గంటలకి పాడతాను, పన్నెండుకి పాడతాను. అమెరికా వాళ్ళతో కాల్ అయ్యాక మూడింటికి మళ్ళీ ఏడిస్తే గొంతులోంచి మాట రాదు. ఆ మూడు గంటల వేళ గురించి మాట్లాడు. పసివాళ్ళ ఏడుపు ఆరో వారం దగ్గర తారస్థాయికి వెళ్తుందని డాక్టర్లు చెబుతారు. నిద్రకి మొహం వాచిన తల్లో తండ్రో పిల్లని పట్టుకుని సోఫాలో కూర్చుని, తెలియకుండా కునుకు తీస్తే పిల్లకి ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది. ఓపిక చచ్చిన క్షణాన పిల్లని గట్టిగా కుదిపేసి, మెదడుకి దెబ్బ తగిలేలా చేసుకున్న వాళ్ళున్నారు. నిద్రలేక బాలింతలు దిగులులోకి జారిపోతారు. ఆ మూడింటికి యాప్ మా ఇద్దర్నీ కాపాడుతోంది, మమ్మల్ని కాపాడుతోంది కాబట్టి పాపనీ కాపాడుతోంది. పదేళ్ళ తర్వాత ఎప్పుడో కనిపించొచ్చు అనే నష్టం ఒక పక్క, ఈ రాత్రి కళ్ళముందున్న ప్రమాదం ఒక పక్క.

అక్క: ఆ మూడింటికి నేనే అక్కడుంటే నేనే యాప్ పెడతాను. దూరంగా, చిన్నగా, పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి. ఇందులో నాకు రెండో మాట లేదు. నా భయం ఆ తర్వాతి గంట గురించి. ఉయ్యాల ఊపే చెయ్యి అలిసిపోతుంది. పాడే గొంతు ఆగిపోతుంది. పిల్ల పడుకుందని తెలియగానే మనిషి ఎలాగూ మానేస్తాడు. మోతాదు ఎంతో ఆ అలసటే నిర్ణయించేది. యాప్‌కి అలసట లేదు. ఎనిమిది గంటలు, పది గంటలు ఆగకుండా మోగడమే దాని గొప్పగా చెప్పుకుంటారు. మనిషి అలసట కాసిన కాపలా పోయింది కాబట్టి ఇప్పుడు దాన్ని మనం తెలిసి కాయాలి. పిల్ల నిద్రలోకి జారాక టైమర్‌తో ఆపేయ్.

తమ్ముడు: అక్కడే చిక్కు ఉందక్కా. నిద్రపుచ్చడం సగం పని. రెండింటికి స్టేషన్ వైపు నుంచి కూత వచ్చినప్పుడు నిద్ర చెడకుండా ఉంచడం రెండో సగం. టైమర్‌తో ఆపేస్తే ఆ రెండో సగం పోయింది. పైగా ఆగడం కూడా ఒక మార్పే, కరెంటు పోతే కూలర్ ఆగి మనం లేచినట్టు. రైలు కూతల మధ్య ఈ పద్ధతి పనిచేయాలంటే రాత్రంతా మోగాలి. మధ్యలో ఆపమంటే పెట్టొద్దన్నట్టే.

అక్క: ఇప్పుడు అసలు మాట దగ్గరికి వచ్చాం. నీ లెక్క ప్రకారం బయట చప్పుడు ఉన్నంతకాలం లోపల హోరు ఉండాలి. బయట చప్పుడు తగ్గదు కాబట్టి హోరు ఎప్పటికీ ఆగదు. ఆర్నెల్లకీ, ఏడాదికీ ఆపడానికి ఇందులో ఎక్కడా ఒక తేదీ లేదు. యాప్ లేని ఊరికి వెళ్తే ఆ పిల్ల పడుకోదు. బయటి చప్పుడుకి ఎవరో ఒకరు ఆపాల్సినవాళ్ళు ఉన్నారు. 45 డెసిబెల్స్ అని రాసుకున్న చట్టం ఉంది. రాత్రి 10 దాటాక డీజేకి అనుమతి లేదని చెప్పాల్సిన పోలీసులున్నారు. ప్రతి ఇల్లూ తన పిల్ల చెవిలో తనే ఒక హోరు నింపుకుంటే ఆ చట్టాన్ని అడిగేవాళ్ళు ఎవరు మిగులుతారు?

తమ్ముడు: చట్టాన్ని అడుగుతాను. సంతకం పెడతాను, పోలీసులకి ఫోన్ చేస్తాను. కానీ రైలు కూత ఆగదు, ఆగకూడదు కూడా, అది పట్టాల మీద మనుషుల ప్రాణాల కోసం. వీధి మారేదాకా నా కూతురు మెలకువగా ఉండాలని అడగడం న్యాయమా? ఊరి తప్పుకి శిక్ష పసిదానికి వేయలేను. ఏ తేదీకి ఆపాలో నాకూ తెలియాలి. ఏడుపు తగ్గే మూడో నెల దాటాక వారం వారం వాల్యూమ్ తగ్గిస్తూ వస్తాను. పగటి కునుకులకి ఇవాళే మానేస్తాను, పగలు ఇంటి చప్పుళ్ళలోనే పడుకోనీ. రాత్రికి మాత్రం మాట ఇవ్వలేను.

అక్క: పగటి నిద్రలు నాకు ఇచ్చావు, చిన్నది కాదది. రాత్రి విషయంలో నేనూ నీకు పూర్తిగా ఒప్పుకోలేను. మూడో నెల తర్వాత అంటున్నావు, త, ట లెక్క సరిగ్గా ఆ తర్వాతే మొదలవుతుంది. నిద్రలో చెవి ఎంత నేర్చుకుంటుందో తేలేదాకా అనుమానపు లాభం నేను చెవికే ఇస్తాను.

తమ్ముడు: నేను అనుమానపు లాభం నిద్రకి ఇస్తాను. ఎందుకంటే చెవికి ఇచ్చావంటే ఆ రాత్రి ఎవరో ఒకరు మేలుకోవాలి. ఆ ఎవరో నువ్వు కాదు అక్కా, పాప తల్లి. నేను కాల్‌లో ఉంటే ఆమే.

అక్క: నిజం. మేలుకోవడానికి రాలేని దాన్ని, ఆపమని చెప్పే అధికారం నాకు ఎంతుందో నన్ను నేను అడగాలి. అయినా చెప్పడం మానను. అలిసిపోయినవాళ్ళకి ఈ రాత్రి గడవడం కావాలి, అది వాళ్ళ హక్కు. పాప మొదటి ఏడాది రాత్రులు మళ్ళీ రావు, అది దాని హక్కు. ఈ రెండింటిలో ఒకదాన్ని కొట్టేసి రెండోది నిలబెట్టే వాదన నా దగ్గర లేదు. నీ దగ్గర ఉందా?

తమ్ముడు: లేదు. ఉంటే ఇంతసేపు మాట్లాడేవాణ్ణి కాదు. ఈ రెండు హక్కుల మధ్య ఉండాల్సిన మూడో మనిషి, అంటే సెలవు ఇచ్చే చట్టమో, పక్కనుండే పెద్దమ్మో, నెమ్మదిగా ఉండే వీధో, మాకు లేదు. ఆ చోట్లో ఇప్పుడు యాప్ ఉంది. దాన్ని తీసేయమని అడిగేవాళ్ళు ఆ చోట్లో ఏం పెడతారో కూడా చెప్పాలి.

అక్క: అడిగేవాళ్ళమే కాదు, వాడేవాళ్ళూ చెప్పాలి. యాప్ ఆ చోటు నింపేసిందని సర్దుకున్న రోజున సెలవూ రాదు, వీధీ నెమ్మదించదు. రాత్రికి నువ్వు పెట్టుకో. కానీ ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉందని మర్చిపోకు.